పసినోట మాట పుట్టుట

మూడుమాసముల పసిపాపను కాళ్ళపై పండుకొనబెట్టుకొని, ఒడలికి నూనె యంటుచు, ఒక తల్లి యేమేమో పలుకుచున్నది. "ఏమిటమ్మా, ఏమిటి? లాల పోసుకుంటావా? అబ్బో! ఎన్ని కబుర్లో మా తల్లికి!" పాప కన్నులార్పక తల్లి నోటివంకనే చూచి "ఉంగా" అనును. తల్లి "ఊ, అలాగా? ఇంకా?" అనును. పాప మరల "ఉంగా" అనును. ఆ దారిని పోవువా డెవడైన నిది విని, "ఏమి పిచ్చిమాటలు! ఆ శిశువునకేమి తెలియును?" అని నవ్వుకొని పోవును. నాలుగు పుస్తకములు చదివితిమన్న యహంకారముచేత మేమును ఒకప్పుడట్లే తలచితిమి. అట్లు తలచినందులకు ఫలము కూడ ననుభవించితిమి. ఆ వృత్తాంతము ముందు చెప్పెదము. మొదట, ఆ పిచ్చిమాటలు నిజముగా పిచ్చిమాటలేనా యని విచారింతము.

పురాణములు వినిన మనకు గర్భస్థశిశువు వినుననుట క్రొత్తమాట గాదు. భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు తల్లికడుపున నుండియే నారదుని యుపదేశమును వినెను. అభిమన్యుడు పద్మవ్యూహమునుగూర్చి తల్లిగర్భమున వినెనని పెద్దలు చెప్పుకొందురు. నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పునది యంత గొప్పది గాకున్నను, వింతయైనదే. గర్భముయొక్క కడపటి మూడుమాసములలో శిశువు చెవి పనిచేయుచుండును. అర్థము తెలియదు, అక్షరములును స్పష్టముగా వినబడవు, తల్లిపలుకులోని యెత్తుపల్లములును లయయు మాత్రము సోకుచుండును. 1980లో అమెరికాదేశమున డికాస్పర్, ఫైఫర్ అను నిరువురు పండితులు, పుట్టి మూడుదినములైనను నిండని శిశువుల నోట రబ్బరు పాలపీక నుంచి, చప్పరించు తీరునుబట్టి యొకప్పుడు కన్నతల్లి కంఠమును, ఒకప్పుడు పరస్త్రీ కంఠమును వినబడునట్లు యంత్రము నమర్చిరి. తల్లికంఠము వినబడు తీరుననే శిశువు లెక్కువగా చప్పరించిరి. 2009లో మఱికొందఱు 30 మంది ఫ్రెంచి శిశువుల యేడ్పును, 30 మంది జర్మను శిశువుల యేడ్పును పోల్చి చూచిరి. ఫ్రెంచివారి బిడ్డల యేడ్పు క్రిందినుండి పైకెక్కుచు, జర్మనులబిడ్డల యేడ్పు పైనుండి క్రిందికి దిగుచు నుండెను. ఆయా భాషల పలుకుబడియు నట్టిదే. ఏడ్పునందే మాతృభాష లయ తొంగిచూచుచున్నదన్నమాట!

పుట్టినబిడ్డకు లోకమునందలి భాషలన్నియు సమానమే. ఏ భాషలోని ధ్వనిభేదమునైనను ఆ చెవి పట్టగలదు. మన భాషలలో తకారము వేఱు, టకారము వేఱు. 'పాత' యనిన నొకటి, 'పాట' యనిన మఱొకటి. 'మాత' యొకటి, 'మాట' యొకటి. ఇంగ్లీషువారికి ఈ భేదము లేదు. 1984లో కెనడాదేశమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు ఇంగ్లీషుకుటుంబముల శిశువులకు హిందీలోని త-ట ధ్వనులను వినిపించి పరీక్షించిన వృత్తాంతమును ప్రకటించిరి. ఆఱు మొదలు ఎనిమిది మాసముల శిశువులలో ననేకులు ఆ భేదమును గుర్తించిరి. పది పండ్రెండు మాసములవారు చాలవఱకు గుర్తింపలేకపోయిరి. ఇంటిలో వినబడని భేదమును చెవి విడిచిపెట్టెను. మనయింటి బిడ్డ మన మాటలను వినుచున్నాడు గనుక దానిని నిలుపుకొనును. పలకయు బలపమును పట్టుటకు మూడేండ్ల ముందే బిడ్డ తన వర్ణమాలను తాను సవరించుకొనుచున్నాడు.

వర్ణములు దొరకినంతమాత్రమున పదములు దొరకునా? మన తాతలనాటి తాళపత్రగ్రంథములను చూచినవా రెఱుగుదురు. అందు పదమునకును పదమునకును నడుమ నెడము లేదు. చదువరియే విడదీసికొనవలెను. నోటిమాటయు నట్టిదే. "బువ్వతిందాంరా" అని మన మొక్క యూపిరిలో పలికినప్పుడు బువ్వ యెచ్చట ముగిసినదో శిశువున కెవరు చెప్పిరి? 1996లో జెన్నీ సాఫ్రన్ మొదలగువారు ఎనిమిదిమాసముల శిశువులకు అర్థములేని యక్షరములను ఎడములేక రెండునిమిషములు వినిపించిరి. ఏ యక్షరమువెంట నే యక్షరము తప్పక వచ్చుచున్నదో ఆ పసివారు లెక్కపెట్టుకొన్నట్లు గ్రహించి, పదముల పొలిమేరలను పోల్చుకొనిరి. తొట్టిలో పండుకొని కాళ్ళాడించుచున్న బిడ్డ యూరక యున్నాడనుకొనుట మన పొరపాటు.

రెండు మూడు మాసములకు 'ఉంగా' యనుట, ఆఱేడు మాసములు నిండిన పిమ్మట 'తత్తత్త', 'మమ్మమ్మ' యని యక్షరములను పేర్చుట, ఏడాదికి అటునిటుగా తొలిమాట, రెండేండ్లు నిండునప్పటికి రెండేసి మాటలు కూర్చుట – ఇది సాధారణక్రమము. ఇందొక ముచ్చట గలదు. మన చుట్టఱికపు పేర్లను చూడుడు: అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, అయ్య, అప్ప, తాత, మామ. అన్నియు నొకే హల్లు జంటయై వచ్చిన మాటలు. పసినోట మొదట పలుకు ధ్వనులు నట్టివే. రోమన్ యాకొబ్సన్ అను భాషాపండితుడు 1960లో ప్రకటించిన వ్యాసమున, పెక్కుభాషలలో తల్లిదండ్రుల పేర్లు ఒకదానినొకటి పోలియుండుటకు కారణమిదియే యనియు, శిశువు పలుకగలిగిన ధ్వనులనే పెద్దలు గైకొని పేర్లుగా చేసికొనిరనియు వివరించెను. బిడ్డకు భాష నేర్పుచున్నామని మన మనుకొందుము. మనకు 'అమ్మ' యని పేరుపెట్టినది బిడ్డయే!

ఇక మన పలుకుతీరును చూతము. పసిపాప యెదుట పడినతోడనే మన గొంతు తనంత తాను సన్నబడి పైకెక్కును, మాట మెల్లనగును, అచ్చులు సాగును, వాక్యములు కుఱుచలగును, ఒకే మాట మరల మరల వచ్చును, ప్రశ్నలు మెండగును. తల్లియే కాదు, తండ్రియు, తాతయు, నాలుగేండ్ల యక్కయు నిట్లే పలుకుదురు. ఎవరు నేర్పిరి? 1985లో ఆన్ ఫెర్నాల్డ్ అను విదుషి నాలుగుమాసముల శిశువులకు ఒకవైపున పెద్దలతో పలుకు మాటలను, మఱొకవైపున పసివారితో పలుకు మాటలను వినిపింపగా, వారు పసివారి మాటలవైపే మిక్కిలిగా తల త్రిప్పిరి. ఈ విషయమునే 67 ప్రయోగశాలలవారు కలిసి రెండువేలకు పైబడిన శిశువులతో మరల పరీక్షించి 2020లో ప్రకటించిరి. ఫలమదియే. 1997లో అమెరికా, రష్యా, స్వీడను దేశముల తల్లుల మాటలను కొలిచి చూడగా, బిడ్డతో పలుకునప్పుడు ఆ, ఈ, ఊ అను నచ్చులను ఒకదానికొకటి దూరముగా, స్పష్టముగా, సాగదీసి పలుకుచున్నట్లు తేలినది. 2002లో ఆస్ట్రేలియాదేశమున నింకొక చమత్కారమైన పరీక్ష జరిగినది. తల్లులు పెంపుడుపిల్లులతోను కుక్కలతోను మాటాడునప్పుడు కూడ గొంతు సన్నముగనే యుండెను గాని, అచ్చులు మాత్రము సాగలేదు. పిల్లికి ముద్దు చాలును. బిడ్డకు పాఠము గూడ వలయును! తల్లి తా నెఱుగకయే గురువగుచున్నది.

మా యింటివారు ఉపాధ్యాయులు. వారి కొక శంక. "బువ్వ, లాల, బజ్జో, జేజే యని నేర్చినవాడు రేపు అన్నము, స్నానము, నిద్ర, దేవుడు అని యెట్లు నేర్చును? ఒకదానికి రెండు మాటలేల?" అని తఱచు ననుచుందురు. చార్లెస్ ఫెర్గుసన్ అను పండితుడు 1964లో మన పొరుగుననున్న మరాఠీతో గూడ నాఱు భాషల ముద్దుమాటలను పోల్చి చూచెను. అన్నింటను ఇట్టి మాటలు గలవు. అన్నింటను అవి సులభమైన హల్లులతో, జంటయక్షరములతో నేర్పడినవే. మూడుచక్రముల నడకబండిని పట్టుకొని నడక నేర్చిన బిడ్డ పెండ్లిపీటలకు ఆ బండితో రాడు గదా! ముద్దుమాటయు నట్టిదే, తనపని తీఱినతోడనే జాఱిపోవును. ఒక్క విషయమున మాత్రము మావారి మాటకు మేమొప్పుకొంటిమి. బిడ్డ నాలుక తిరుగక వంకరగా పలికిన మాటను మనము గూడ వంకరగనే పలుకనక్కఱలేదు. వాడు "కుక్క"ను "తుత్త" యన్నచో, నవ్వి "అవును, కుక్క! నల్లకుక్క వచ్చింది" యనవలెను. ముద్దు గొంతున నుండవలెను. మాట సరిగా నుండవలెను.

మా బాల్యమున తండ్రిగారు ఇంటియొద్దనే మాకు శాస్త్రము చెప్పుచు, బిడ్డకు మాటల యర్థమెట్లు తెలియునో ఒక యుదాహరణముతో వివరించిరి. దీనిని వృద్ధవ్యవహారమందురు. మీమాంసకులును నైయాయికులును దీనిని చెప్పుదురు. పెద్దవాడొకడు మఱొకనితో "ఆవును తెమ్ము" అనును. వాడు పోయి ఆవును తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచుచుండును. పిమ్మట "ఆవును కట్టుము" అనును, వాడు కట్టును. "గుఱ్ఱమును తెమ్ము" అనును, వాడు తెచ్చును. ఏ మాట పోయిన నే పని పోయినదో, ఏ మాట చేరిన నే వస్తువు వచ్చినదో బాలుడు పోల్చుకొని, ఆవనగా నిది, తెచ్చుటయనగా నిది యని గ్రహించును. దీనికే ఆవాపోద్వాపములని పేరు. ఆహా, ఎంత సూక్ష్మమైన విచారణ! ఎనిమిదిమాసముల శిశువు అక్షరములను లెక్కపెట్టుననిన నేటివారి మాటకు నిది పెద్దక్కగా నున్నది.

కాని సోదరీమణులారా, ఈ యుదాహరణమున నొకటి గమనించితిరా? పెద్దవాడున్నాడు, పనివాడున్నాడు, బాలుడున్నాడు, ఆవున్నది, గుఱ్ఱమున్నది. తల్లి మాత్రము లేదు! బాలునితో ఒక్కరును మాటాడలేదు. శాస్త్రము తప్పని మేమనము. పాపువా న్యూగినీయందు కలూలీ యను జనులు పసిపిల్లలతో మనవలె సంభాషింపరనియు, బిడ్డను ఎదుటివారివైపు త్రిప్పి పట్టుకొని తల్లియే వాని పక్షమున పలుకుననియు, అయినను ఆ పిల్లలు చక్కగా మాటలు నేర్తురనియు బాంబీ షీఫెలిన్, ఎలినార్ ఓక్స్ అను విదుషీమణులు 1984లో వ్రాసిరి. నిండైన యింట, పదిమంది నడుమ, ప్రక్కనుండి వినియు బిడ్డ నేర్చుకొనగలడు. కాని పదిమంది లేని యింట? ఆవులేదు, గుఱ్ఱము లేదు, తెమ్మనువాడు లేడు. మూడు గదులలో తల్లియు బిడ్డయు మాత్రమే. అట్టి యింట తల్లి నోరు మూసికొనినచో బిడ్డకు మిగులున దేమి? మా కథ యిదియే.

మా పెద్దమ్మాయి పుట్టింట పెరిగినది. అచ్చట అమ్మమ్మయు, మేనమామలును, పాలవాడును, వాకిట నిలుచు నిరుగుపొరుగులును. పొద్దుపొడిచినది మొదలు మాటలే. ఏడాది నిండకముందే అది "అత్త, తాత" అనెను. పిల్లవాడు పుట్టునప్పటికి మావారికి వేఱొక యూరి పాఠశాలకు బదిలీయైనది. బంధువులు లేరు, చిన్న యద్దెయిల్లు. ఆ యూరి ప్రక్కింటివారు, "మీ యబ్బాయికి మంచిబడిలో సీటు కావలెనన్నచో ఇప్పటినుండి యింటిలో ఇంగ్లీషే మాటాడవలెను, తెలుగు మాటాడితిరా, నాలుక పాడగును" అని చెప్పిరి. ఉపాధ్యాయుని భార్యమై యుండియు మేమది నమ్మితిమి. మావారును ఊరకుండిరి.

మేము ఇంటియొద్ద నేర్చినది అమరకోశము, రఘువంశము, పోతనగారి భాగవతము. ఇంగ్లీషున అంగడిపేర్లు చదువగలము, అంతియే. బిడ్డకు ఆకలియైనప్పుడు, నిద్రవచ్చినప్పుడు, తలకు తగిలి యేడ్చినప్పుడు చెప్పదగిన మాట యొక్కటియు ఆ భాషలో మాకు రాదు. "కమ్, సిట్, ఈట్, నో" – ఈ నాలుగే మా నోట మిగిలినవి. తక్కినవేళ మౌనము. మౌనము పూరించుటకు చేతిఫోను నిచ్చితిమి. అందు రంగురంగుల బొమ్మలు ఇంగ్లీషుపాటలు పాడుచుండును. పిల్లవాడు కన్నులప్పగించి చూచుచుండును. వంట నిరాటంకముగా జరుగుచుండెను. బుద్ధిమంతుడని మురిసితిమి కూడ.

ఏడాదిన్నర నిండినను వానికి నాలుగుమాటలు రాలేదు. "మగపిల్లలు ఆలస్యముగా మాటాడుదురు" అని అందఱు నోదార్చిరి. అట్టివేళ మా యత్తగారు పల్లెనుండి వచ్చిరి. రెండుదినము లేమియు ననక చూచిరి. మూడవదినమున, మేము పప్పు కడుగుచుండగా ప్రక్కన కూర్చుండి, "ఏమ్మా, ఈ యింట్లో పిల్లవాడితో ఎవరూ మాట్లాడరా?" అనిరి. నిందించుటకు గాదు, ఆశ్చర్యముతో అనిరి. ఆ మాట శూలమై తగిలినది. పదివేలమాటలు నిఘంటువునుండి నేర్చిన మేము మా బిడ్డకు మాట కఱవు తెచ్చితిమి గదా!

మొదట వైద్యునివద్దకు పోయి చెవులు పరీక్ష చేయించితిమి. చెవులు బాగుగనే యున్నవి. ఇంటికి వచ్చి ఫోనును బీరువాలో పెట్టితిమి. అత్తగారు ఉదయమున వానిని చంక నెత్తుకొని పెరటిలోనికి పోయి, "అదిగో కాకి. కాకి ఏదిరా? కాకమ్మ ఎక్కడికి పోయింది?" యని యడిగి, వాని ముఖమువంక చూచి వేచియుండెడివారు. ఆ వేచియుండుటయే మేము వారివద్ద నేర్చిన విద్య. వాడు "ఆ" యన్నను చాలును, "ఆ! పోయిందా! మళ్ళీ వస్తుందిలే" యని యుత్తరము. స్నానమునకు కథ, అన్నమునకు కథ, ఉయ్యాలకు పాట. మేమును సిగ్గువిడిచి మా తల్లి మాతో పలికిన పలుకులనే పలుకసాగితిమి. నాలుగుమాసములు గడచినవి. ఒకనాటి యుదయమున వాడు గోడవంక వ్రేలు చూపి, "అమ్మా, కాకి పోయింది" యనెను. మేము కండ్లనీరు పెట్టుకొంటిమి. ఒక్క యింటి యనుభవము శాస్త్రము గాదు. కాలము వచ్చుటచేతనే వానికి మాట వచ్చియుండునేమో. కాని మౌనముగా గడపిన యా దినములను మాత్రము మరల తెచ్చుకొనలేము.

పిమ్మట చదువగా తెలిసినది, ఇట్టి విషయమునే పండితులును పరీక్షించియుండిరని. 2003లో సియాటిల్ నగరమున పెట్రిషియా కూల్ మొదలగువారు తొమ్మిదిమాసముల అమెరికా శిశువులకు చీనాభాష వినిపించిరి. కొందఱియొద్దకు చీనాభాష మాటాడువారు స్వయముగా వచ్చి 12 మాఱులు ఆడించి, పుస్తకములు చదివి వినిపించిరి. ఆ శిశువులకు చీనాధ్వనులు పట్టువడినవి. అదే మనుష్యులను, అవే మాటలను టీవీలో చూపిన శిశువులకు గాని, ధ్వనిముద్రికలో వినిపించిన శిశువులకు గాని ఏమియు పట్టువడలేదు. ఆ సంవత్సరమే మైకేల్ గోల్డ్‌స్టైన్ అను నాతడును సహచరులును మఱొక పరీక్ష జరిపిరి. శిశువు పలికినతోడనే తల్లి నవ్వి, దగ్గఱకు జరిగి, తాకినచో ఆ శిశువు పలుకు అప్పటికప్పుడే నిండుపలుకుగా మాఱెను. తల్లి నవ్వినను, తాకినను, బిడ్డ పలుకుతో సంబంధము లేక చేసినచో ఆ మార్పు రాలేదు. మాట యనునది చెండువంటిది. ఇటునుండి విసరిన నటునుండి రావలెను. ఫోను విసరుచునే యుండును, పట్టుకొనదు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు కూడ రెండవయేడు నిండనివారికి కూర్చుండి తెరచూచుట తగదనియు, రెండేండ్లవారికి దినమునకు గంటకు మించరాదనియు చెప్పియున్నారు.

ఇంగ్లీషు నేర్పరాదని మా తాత్పర్యము గాదు. రెండుభాషలు వినుటవలన బిడ్డకు మాట చెడునన్నది యపోహ. మదరాసునను బెంగుళూరునను నున్న మన తెలుగుపిల్లలు వాకిట నొకభాషయు, ఇంటిలో నొకభాషయు హాయిగా పలుకుచున్నారు. ఇంగ్లీషున నవ్వగలిగిన తల్లి, ఇంగ్లీషున కోపగించి బుజ్జగింపగలిగిన తల్లి ఆ భాషనే మాటాడవచ్చును. ఏ భాషలో మన మనస్సు నోటికి వచ్చునో ఆ భాషలో మాటాడవలెననుటయే మా మనవి. అరువు తెచ్చుకొన్న నాలుగుమాటలతో బిడ్డను పెంచుట, నిండుగాదెను తాళమువేసి, అంగడినుండి పిడికెడు గింజలు కొని పెట్టుట వంటిది.

బిడ్డ మాటలు నేర్చిన పిమ్మట తప్పులు చేయును. అందును మన మానందింపదగినదే యున్నది. మావాడు "ఇల్లుకు పోదాం", "రెండు పండులు" అనెడివాడు. వీనిని వాడెవరినుండియు వినలేదు, మేమెవరము నట్లనము. చిన్నయసూరిగారు 1858లో బాలవ్యాకరణమును ప్రకటించిరి. అందు 'ఇల్లు' శబ్దము 'ఇంటి'యగుటకు సూత్రమున్నది. వాడింక ఆ సూత్రమువఱకు రాలేదు గాని, 'కు' చేర్చవలెనన్న సూత్రమును, 'లు' చేర్చవలెనన్న సూత్రమును తానే కనిపెట్టుకొనెను. ఇది పొరపాటు గాదు, పాండిత్యము. కసరి దిద్దనక్కఱలేదు. "అవును, ఇంటికి పోదాం; రెండు పళ్ళు తెచ్చుకుందాం" అన్నచో చాలును. కొన్నినాళ్ళకు తానే సవరించుకొనును.

కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. మా యెదుటి యింటి పాపకు మూడేండ్లవఱకు మాటలు రాలేదు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యమే" యని పెద్దలు సరిపెట్టిరి. చూడగా చెవులు వినబడవని తేలినది. ఆ తల్లి దుఃఖమును మేము కన్నులార చూచితిమి. పుట్టిన నెలలోపల చెవి పరీక్ష, లోపమున్నచో మూడుమాసముల లోపల నిర్ధారణము, ఆఱుమాసముల లోపల చికిత్సారంభము జరుగవలెనని వైద్యులు చెప్పుదురు. ఆఱుమాసములలోపల గుర్తింపబడిన శిశువులకు భాష మేలుగా అబ్బుచున్నదని 1998లో అమెరికాయందు ప్రకటితమైన పరిశీలన చెప్పుచున్నది. మన దేశమున 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు పుట్టుచెవుడు కూడ పరీక్షింపదగిన లోపములలో చేరియున్నది. పెద్దచప్పుడునకు శిశువు ఉలికిపడకున్నను, ఏడాదికి 'తత్తత్త' యనకున్నను, పదాఱుమాసములకు ఒక్కమాట రాకున్నను, రెండేండ్లకు రెండుమాటలు కూర్పకున్నను, వచ్చిన మాట పోయినను, ఓదార్పులు వినుచు కూర్చుండక వైద్యునికి చూపుడు. చెవి లేని బిడ్డకు భాషయే లేదని నిరాశపడవలదు. చెవిటి తల్లిదండ్రుల యింట పెరుగు చెవిటి శిశువులు మాటలకు మాఱుగా చేతులతోనే 'తత్తత్త' యనుచున్నట్లు లారా పెటిటో యను విదుషి 1991లో ప్రకటించినది. చెవికి గాకున్న కంటికి, నోటికి గాకున్న చేతికి భాష నందింపవచ్చును. ఆలస్యము మాత్రము చేయరాదు.

సోదరీమణులారా! బిడ్డతో మాటాడుటకు ధనమక్కఱలేదు, పట్టమక్కఱలేదు, వేఱుగా వేళయు నక్కఱలేదు. కూరలు తఱుగుచు వంకాయను చూపుడు. బట్టలారవేయుచు తండ్రిచొక్కాను చూపుడు. దీపము పెట్టుచు దీపమని చెప్పుడు. ఒక మాట యని, వాని ముఖమువంక చూచి, ఉత్తరమునకు వేచియుండుడు. యజమానులు బడినుండియో కచ్చేరినుండియో వచ్చినప్పుడు, కాఫీతోపాటు బిడ్డను కూడ చేతికిచ్చి, "మీరును నాలుగు మాటలాడుడు" అని చెప్పుడు. మావారిప్పుడు ప్రతిదినము సాయంకాలము పెరటిలో కూర్చుండి పొరుగింటి పాపతో "కాకి ఏదమ్మా?" యని సన్నగొంతుతో అడుగుచుందురు. మావాడు రెండవతరగతి పుస్తకము నొడిలో పెట్టుకొని, తండ్రిని చూచి నవ్వుచు, "నాన్నా, అది కాకి కాదు, గోరింక" అని దిద్దుచుండును.